యాకమ్మ గద్దె, మన ప్రేమవిందు

యాకమ్మ కష్టపడి సాధించిన మొదటి విజయం హనుమకొండ చేపల మార్కెట్‌లో ఒక రాతి గద్దె. షెడ్డు కింద, నల్లా పక్కన, మోకాలెత్తున కట్టిన నాపరాయి అరుగును అక్కడివాళ్లు గద్దె అంటారు. దాని మీద కూర్చున్నవారికి నీడ ఉంటుంది, నీళ్లుంటాయి, గిరాకీ దానంతట అదే నడిచి వస్తుంది. అది లేనివారు గేటు బయట మురుగు పారే మోరీ పక్కన తట్ట పెట్టుకుని ఈగలు తోలుకోవాలి. యాకమ్మ ఏళ్ల తరబడి ఆ మోరీ పక్కనే కూర్చుంది. లోపల గద్దెలన్నీ మగవాళ్లవి, వాళ్ల తండ్రులవి. ఒక గద్దె ఖాళీ అయినప్పుడు ఆమె మార్కెట్ సంఘం మీటింగుకు పోయి తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మనలేదు. మళ్లీ మీటింగుకు మళ్లీ పోయింది. చివరికి మార్కెట్ పెద్ద వెంకట్రాజం విసుగొచ్చి, ఏం కావాలమ్మా అని అడిగాడు.

"మీరమ్మేది ధర్మసాగర్ చెరువు చేపనే, నేనమ్మేది ధర్మసాగర్ చెరువు చేపనే. మీ చేపకు నీడెందుకు, నా చేపకు ఎండెందుకు?" అన్నది యాకమ్మ.

గద్దె ఆమెకొచ్చింది. ఆ మార్కెట్‌లో గద్దె ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమె.

మన చర్చి సంఘ వార్షిక సంచికకు ఈమె జీవితం గురించి రాయమని కమిటీవారు నన్ను అడిగారు. "దేవునికి మొదటి స్థానం" అనే శీర్షిక కూడా వాళ్లే పెట్టి ఇచ్చారు. చదివినవారికి ఆత్మీయ క్షేమం కలిగేటట్టు, మంచి మాటలతో రాయమన్నారు. వాళ్ల శీర్షిక తీసేసి నాది పెట్టుకున్నాను. క్షేమం కలుగుతుందో, చెంప మండుతుందో చదువుకుని చూసుకోండి.

నన్నే ఎందుకు అడిగారంటే, రాయగలిగిన పెద్దవాళ్లలో మిగిలింది నేనే కనుక. నేను ధర్మసాగర్ బడిలో ఏడో తరగతి దాకా చదివినవాడిని. ఊరందరి ఉత్తరాలు రాసింది ఈ చేతితోనే. హసన్‌పర్తి రోడ్డులో ఈ గుడికి స్థలం రిజిస్ట్రేషన్ అయిన రోజు ఆఫీసు మెట్ల మీద పొద్దంతా కూర్చుని కాగితం చేతికొచ్చాకే కదిలింది నేను. బోరు వేయించింది నేను. ప్రహరీ గోడకు ఇటుక మోసింది నేను. అప్పటికి మన సెక్రటరీ రాంప్రసాద్ నిక్కర్లో తిరుగుతున్నాడు. ఈ సంఘం మీద కోపపడే హక్కు ఒక్కరికే ఉందంటే అది నాది.

యాకమ్మ పుట్టింది ధర్మసాగర్‌లో చేపలు పట్టే ఇంట్లో. పెళ్లయి హసన్‌పర్తి వచ్చింది. భర్త జ్వరంతో పోయినప్పుడు బిడ్డ స్రవంతి ఇంకా నడక నేర్చుకుంటోంది. ఆ దుఃఖంలో మన గుడి గడప తొక్కింది. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అప్పటి పాస్టర్ గారు, ఆ పేరు బాగాలేదు, మార్చుకోమన్నారు. నీళ్లలో నిలబడే ఆమె చెప్పింది: "దేవునికి నన్ను యాకమ్మ అనే ఎరుక అయ్యగారూ. కొత్త పేరు పెడితె ఇదెవలో అనుకుంటడు." ఒడ్డున ఉన్నవాళ్లందరం నవ్వాము. పాస్టర్ గారూ నవ్వి, ఆ పేరుతోనే ముంచారు. ఆ నీళ్లలోనే ఆమె ఒక మాట ఇచ్చింది. ఆదివారం కత్తిపీట ముట్టనని. ఎవరూ అడగలేదు. ఆమె అంతట ఆమె ఇచ్చింది.

చేపల వ్యాపారంలో ఆదివారం అంటే ఏమిటో పట్నం పాస్టర్లకు తెలియదేమో, మీకు తెలుసు. వారమంతా కలిపితే వచ్చే గిరాకీ ఆ ఒక్క పూటలో వస్తుంది. ఆ పూట ఆమె గద్దె ఖాళీగా ఉండేది. మొదట్లో పక్కవాళ్లు నవ్వారు. "మీ దేవుడు సోమారం పూట చేపలు కొంటడా యాకమ్మా" అని ఎగతాళి చేశారు. శనివారం సాయంత్రం సరుకంతా అమ్ముకుని, గద్దె కడిగి, కత్తిపీట గోనెసంచిలో చుట్టి ఇంటికి పోయేది. ఆదివారం పొద్దున్నే మన గుడి ఊడ్చేది. చాపలు పరిచేది. మీరు ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చి కూర్చునే చాపలు అవే.

ఇంకొకటుంది. వ్యాపారులకు బోణి సంగతి ప్రాణం. బోణి కాకముందు ఒక్క ఆకు కూడా ఉత్తగా ఇవ్వరు, ఇస్తే ఆ రోజు పాడని నమ్మకం. యాకమ్మ మాత్రం చేపల డబ్బా మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, మూత తీసి, చేతికొచ్చిన మొదటి చేపను అమ్మేది కాదు. మార్కెట్ ఊడ్చే ముసలామెకో, దవాఖానలో మనిషిని పెట్టుకుని గంజి కోసం తిరిగే వాళ్లకో శుభ్రం చేసి మరీ ఇచ్చేది. అది ముళ్ల చేపే కావచ్చు, ఖరీదైన కొర్రమట్టే కావచ్చు, ఏరేది కాదు. ఇది చూసి వెంకట్రాజానికి భయమేసింది. ఆమె గద్దె కీడు మార్కెట్ మొత్తానికి అంటుకుంటుందని కోప్పడ్డాడు.

"బోణి కాకముందే ఉత్తగ ఇస్తవా? ఎవలన్న జేస్తరా గిట్ల?"

"అయింది గదనే అన్నా బోణి. మీ బోణి గిరాకితోటి, నా బోణి దేవునితోటి."

తల కొట్టుకుంటూ పోయాడట. ఆ తర్వాత ఆమెతో వాదించలేదు. అది ఆయన గొప్పతనం, ఆ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆమె సాధించినవి ఇంకా ఉన్నాయి, వినండి. మార్కెట్‌లో ఆడవాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి లేకపోతే, తలుపు పెట్టేదాకా మున్సిపాలిటీ ఆఫీసు వదల్లేదు. కుళ్లిన సరుకు మీద కొత్త ఐసు పోసి అమ్మేవాళ్లను పేరు పెట్టి నిలదీసింది. పెద్ద వాన పడి కాలనీలు మునిగిన ఏడు, ఆ రోజు తెచ్చిన సరుకంతా వండి బడి వరండాలో పంచింది. బిడ్డను నర్సింగు చదివించింది. ఇవన్నీ ఆ గద్దె మీద కూర్చుని సాధించినవే. ఆ రాయి ఆమెకు ఇల్లు, పొలం, పింఛను అన్నీ. అది పోవడమంటే ఏమిటో తెలిసి కూడా మనం చేసిన పని ఇప్పుడు చెబుతాను.

మృగశిర కార్తె ప్రవేశించే రోజును మనవైపు మిరుగం అంటాం. ఆ రోజు చేప తినని ఇల్లు ఉండదు. మార్కెట్‌కు అది ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద రోజు. ఆ మార్కెట్‌లో ఒక రివాజు ఉంది. మిరుగం నాడు తెల్లవారుతుండగా పెద్దమనిషి కొబ్బరికాయ కొడతాడు. ఆ వేళకు ఏ గద్దె మీద ఎవరు కూర్చుని మొదటి చేప కోస్తారో, మళ్లీ మిరుగం దాకా ఆ గద్దె వారిది. మనిషి స్వయంగా కూర్చోవాలి, లేదా ఇంటి మనిషి కూర్చోవాలి. గద్దె ఖాళీగా ఉంటే పాతవారికే ఉంచుతారు. అయితే గేటు బయటివాడెవడైనా ఆ పొద్దుకు పెద్ద గిరాకీ చేతిలో పెట్టుకుని వచ్చి అడిగితే కాదనడానికి లేదు. ఇచ్చేయాలి. అదీ రివాజు.

ఇన్నేళ్లూ మిరుగం ఆదివారం రాలేదో, వచ్చినా పక్కవాళ్లు సర్దుకున్నారో, ఆమె గద్దె మీద ఎవరి కన్నూ పడలేదు. పోయినేడు, అంటే 2025లో, జూన్ ఎనిమిదిన ఆదివారం వచ్చింది మిరుగం.

వెంకట్రాజం ముందు వారమే ఆమె ఇంటికి వచ్చాడు. నేను అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఐదు నిమిషాల పని అన్నాడు. కాయ కొట్టినాక ఒక్క చేప కోసి, చేతులు కడుక్కుని గుడికి పొమ్మన్నాడు. ప్రార్థన ఎన్నింటికో ఆయనకు తెలుసు, లెక్క చూసుకునే వచ్చాడు. లేదంటే స్రవంతినైనా పంపమన్నాడు.

"అన్నా, నీ మంచితనం నాకెరుకే," అన్నది యాకమ్మ. "ఐదు నిమిషాలైతె ఏంది, పొద్దంతయితె ఏంది. కత్తిపీట ముట్టనన్న. నాకు లాసయితదని ఇయ్యాల ముడితె, ఇన్నేండ్లు నేను ముట్టంది దేవుని కోసమా, ఉత్తగనేనా? బిడ్డను గూసోబెడ్తె మాత్రం అది నా బేరం గాదా?"

"గద్దె పోతె?"

"ఎవలడుగుతరు నా గద్దె? పెద్ద గిరాకున్నోళ్లంత లోపటనే ఉన్నరు. బయటోళ్లకు గంత పెద్ద గిరాకి ఎవలిస్తరు?"

అదే ఆమె లెక్క. ఆ లెక్క తప్పు కాదు. ఆమె లెక్కలో లేనిది ఒక్కటే, మనం.

ఆ వారమే మన కమిటీ కూర్చుంది. ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమవిందు పెట్టాలని, మిరుగం కాబట్టి చేపల పులుసు పెట్టాలని తీర్మానం. సంఘంలో చేపలమ్మే మనిషి ఉండగా బయట కొనడమెందుకని యాకమ్మను పిలిపించారు. ఆమె సంతోషించింది. శనివారం సాయంత్రం చెరువు నుంచి వచ్చిన సరుకు కోసి, కడిగి, ఉప్పు పసుపు రాసి, ఐసులో పెట్టి గుడికే తెచ్చిస్తానన్నది. రాంప్రసాద్ ఒప్పుకోలేదు.

"ఐసు చేపలెందుకక్కా, మిరుగం నాడు ఐసు చేపలు తింటారా ఎవరైనా? ఆ పొద్దుటివే కావాలె. ఇది దేవుని పనే గద, పాపం తగలదులే."

"దేవుని పనైతె శనివారం గూడ దేవుని పనే తమ్మీ."

అంతే అన్నది. ఎవరినీ నొప్పించే మాట కాదు. కాని రాంప్రసాద్ ముఖం మాడిపోయింది. నలుగురిలో ఒక చేపలమ్మి తనకు వాక్యం చెప్పినట్టు ఫీలయ్యాడు. ఆమె బయటికి పోయాక, ఈమెకు భక్తి తలకెక్కిందన్నాడు. నేను లేచి చెప్పాను. మనకు ఆదివారం పవిత్రమని నేర్పిన పీఠం ముందర నిలబడి, ఆదివారం కత్తి పట్టమని ఒక విధవరాలిని అడుగుతున్నారా అని. పాండురంగం పెద్దయ్యకు కోపం ఎక్కువ అని నన్ను చూసి నవ్వుకున్నారు. చేతులెత్తారు. నా చెయ్యి ఒక్కటే కింద ఉంది.

ఆర్డరు భానుచందర్‌కు పోయింది. అతను గేటు బయట కూర్చునే కుర్రవాడు, యాకమ్మ పూర్వం కూర్చున్న మోరీ పక్కనే. అతని తప్పేమీ లేదు. సంఘం మొత్తం తినే చేపలు అడిగితే ఎవరు కాదంటారు? అంత సరుకు మోరీ పక్కన కోయలేక, ఖాళీ గద్దె అడిగాడు. గిరాకీ చూపించమన్నాడు వెంకట్రాజం. చూపించడానికి మన రాంప్రసాద్ స్వయంగా వెళ్లి, తెల్లవారుజామున, సంచులు పట్టుకుని యాకమ్మ గద్దె ముందర నిలబడ్డాడు. ఎవరి గద్దె అది అని అడిగిన పాపాన పోలేదు. ఆమె దగ్గర కొర్రమట్టలు కొన్నవాడే, ఆ రాయి తెలియనివాడు కాడు. కొబ్బరికాయ పగిలింది. భానుచందర్ చేప కోశాడు. గద్దె పోయింది.

ఆ వేళకు ఆమె గుడి ఊడుస్తోంది.

ఆ రోజు ప్రసంగం దేన్ని గురించో గుర్తుందా మీకు? నాకుంది. అన్నిటికంటే ముందు దేవుడు, తర్వాతే తిండి, బట్ట, బేరం అని గంటసేపు. పాస్టర్ గారు మంచి మాటకారి, ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారు. వెనక పందిట్లో నుంచి మెంతిపొడి వేసిన పులుసు వాసన లోపలికి వస్తోంది. మూడో వరసలో యాకమ్మ కొంగు తల మీద కప్పుకుని ఆమేన్ అంటోంది. ఆమె బేరం అప్పటికే ఆ పులుసు గంజులో ఉడుకుతోంది.

ఆరాధన అయ్యాక ఫోను చూసుకుంది. యాకమ్మ తర్వాత గద్దె ఎక్కిన పక్క గద్దె రాజేశ్వరి చాలాసార్లు చేసింది. యాకమ్మ తిరిగి చేస్తే, పక్కనున్న నాకు కూడా వినపడేంత గట్టిగా ఏడ్చింది రాజేశ్వరి. "నీ గద్దె మీద భానుచందర్ గూసున్నడక్కా. మీ చర్చోళ్లే వచ్చి నిలవడ్డరు. మేమందరం అనుకున్నం, నువ్వే పంపినవేమోనని."

యాకమ్మ ఫోను కొంగులో ముడివేసుకుంది. పందిట్లోకి నడిచి రాంప్రసాద్ ముందు నిలబడింది.

"తమ్మీ, చేపలెక్కడ దెచ్చినరు?"

"మార్కెట్లనే అక్కా. నీ జాగల్నే. నువ్వే లేకపోతివి," అని నవ్వాడు.

ఆమె గంజులోకి చూసింది. గరిటెతో ఒక ముక్క తీసి తిప్పి చూసింది.

"పొలుసు సరిగ తియ్యలే. పిల్లలకు జర చూసి వెయ్యుండ్రి," అని గరిటె పక్కన పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మీరు తిన్నారు. వరస కట్టి, రెండోసారి వేయించుకుని తిన్నారు. నేను విస్తరి ముట్టలేదు, ఆ సంగతి నలుగురికీ తెలుసు.

మరునాడు నేను కమిటీని కూర్చోబెట్టాను. అడిగింది చిన్న పని. అందరం కలిసి మార్కెట్‌కు పోదాం, తప్పు మాది, మా ఆర్డరు వల్ల పోయింది, ఆమె గద్దె ఆమెకిప్పించండి అని వెంకట్రాజాన్ని అడుగుదాం అన్నాను. అరగంట ఆటో ప్రయాణం. ఒకాయన, అది వాళ్ల రివాజు, కొబ్బరికాయల వ్యవహారం, విశ్వాసులం మనం వేలు పెట్టకూడదన్నాడు. ఆ కొబ్బరికాయ ముందర సంచి పట్టుకుని నిలబడ్డప్పుడు ఈ విశ్వాసం ఏ జేబులో ఉందో చెప్పలేదు. ఇంకొకాయన, ఆమెకు దేవుడు దీనికంటే గొప్పది దాచి ఉంచాడన్నాడు. మనం లాక్కున్నదాన్ని దేవుడు తీర్చాలట. చివరికి రాంప్రసాద్, ఈ విషయం ప్రార్థనలో పెడదామన్నాడు. పెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. కాళ్లున్నవాళ్లు నడవాల్సిన చోట కళ్లు మూసుకుంటే అది ప్రార్థన కాదు, నిద్ర. ఆ మాట అప్పుడే అన్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

నేనొక్కడినే పోయాను. వెంకట్రాజం నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. రివాజు ఒక్కరి కోసం తప్పితే రేపు అందరికీ తప్పుతుందన్నాడు. అది న్యాయం, నేను కాదనలేదు. తర్వాత ఆయన ఒక మాట అడిగాడు. "పెద్దమనిషీ, ఆదివారం బేరం చెయ్యద్దని ఆమెకు మీ గుడిలనే చెప్పినరు గద. మరి మీ గుడోళ్లే ఆదివారం బేరానికెట్ల వచ్చిండ్రు?" చాయ్ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చాను. ఆ ప్రశ్న మీ అందరి తరఫున నేను మోసుకొచ్చాను. ఇదిగో, మీ ముందు పెడుతున్నాను.

గేటు బయట మళ్లీ కూర్చోవడానికి యాకమ్మ ఒప్పుకోలేదు. అక్కడ కూర్చుంటే భానుచందర్‌ను చూసినప్పుడల్లా తనకు కడుపులో మంట పుడుతుందని, ఆ పిల్లవాని మీద మంట పెట్టుకుని ఆరాధనకు రాలేనని చెప్పింది. నర్సంపేట దాటాక పాకాల చెరువు వైపు చెల్లెలి ఊరుంది. అక్కడికి వెళ్లిపోయింది. చెల్లెలి మరిది నడిపే టీవీఎస్ బండి వెనక డబ్బా కట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్ముతోంది. ఎండలో, దుమ్ములో, కాళ్లు వాచేదాకా. అక్కడా మొదటి చేప ఇచ్చేస్తోంది. అక్కడా ఆదివారం బండి తీయదు. స్రవంతి తల్లిని అడిగిందట, నీ దేవునికి నువ్వు మొదటి జాగ ఇస్తే, నీకు మాత్రం జాగ లేకుండా చేసినరు గదనే అని. తల్లి అన్న జవాబు ఆ పిల్ల నాకు ఫోనులో చెప్పింది: "జాగ తీసింది దేవుడు గాదు బిడ్డా. చేపలు తిన్నోళ్లు. ఇద్దర్ని ఒక్కతాన కలపకు."

మొన్న క్రిస్మస్‌కు ఆమెను పిలిపించి వేదిక మీద శాలువా కప్పారు. విశ్వాసవీరురాలు అని చదివారు. ఫొటో తీశారు. రాంప్రసాదే కప్పాడు. గద్దె గురించి ఒక్కరూ ఒక్క మాట ఎత్తలేదు. ఆమె మర్యాదగా నమస్కారం పెట్టి, శాలువా మడిచి, చలికి వణుకుతున్న వాచ్‌మన్‌కు కప్పి బస్సెక్కింది. ఇప్పుడేమో ఆమె జీవితం ఈ సంచికలో కావాలి మీకు. ఆమె ఇచ్చిన మొదటి స్థానం మన గోడ మీద ఫ్రేము కట్టించుకోవాలి. దేవుణ్ణి ముందు పెట్టడం ఏమిటో ఈ సంఘంలో ఒక్క మనిషి చేసి చూపించింది. దాని ఖర్చు మనమే ఆమె చేత కట్టించాము. ఇక మనం సాక్ష్యం చెప్పుకోవడం ఆపి, సిగ్గుపడడం మొదలుపెడితే బాగుంటుంది.

ఈ ఏడు మిరుగం సోమవారం వస్తోంది. వెంకట్రాజం నాకు మాట ఇచ్చాడు. రివాజు ప్రకారం ఆ పొద్దు గద్దెలన్నీ మళ్లీ తేలుతాయి, భానుచందర్ కూడా ఆ రాయి తనది కాదని ఒప్పుకుని రాజేశ్వరి పక్కన వేరే జాగా చూసుకున్నాడు. యాకమ్మ వచ్చి కూర్చుని చేప కోస్తే చాలు. ఆమెకు ఫోను చేసి చెప్పాను. సోమవారం తెల్లవారేసరికి మార్కెట్‌లో ఉండాలంటే ముందురోజు రాత్రికి వచ్చెయ్యి బిడ్డా అన్నాను. రాత్రికెందుకు పెద్దయ్యా, ఆదివారం పొద్దుగాలనే వస్త, గుడి ఊడ్చాలె గద అన్నది.

కమిటీవారికి నేను చెప్పేది ఇది. ఆ ఆదివారం విందులు పెట్టకండి. శాలువాలు కొనకండి. సోమవారం చీకటుండగానే మీ మీ సంచులు పట్టుకుని ఆ గద్దె ముందర నిలబడండి, పోయినేడు నిలబడ్డట్టే. రాంప్రసాద్ అందరికంటే ముందు నిలబడాలి. రానివారి పేర్లు వచ్చే సంచికలో నేనే రాస్తాను, రాయడం నాకు వచ్చు. ఆ ముందురోజు గుడిలో ఆమె చాపలు పరిచేలోపు మనమే పరిచి ఉంచాలంటే పొద్దున్నే లేవండి. పాకాల వైపు నుంచి మొదటి బస్సులో ఆమె దిగేది 2026 జూన్ ఏడు, ఆదివారం.